ఆదివారం కుళాయి

"మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఏటా రాసివ్వాలమ్మా. సాక్షిగా అత్తగారి సంతకం కావాలి," అంటూ పింఛను గుమస్తా కాగితం ముందుకు తోశాడు.

మంటలార్పడానికి వెళ్లి తిరిగిరాని ఫైర్‌మన్ భార్య చకచకా తన సంతకం చేసేసింది. నాలుగో ఏడాది కదా, చెయ్యి అలవాటుపడిపోయింది.

అత్తగారు మాత్రం పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది. "బాబూ, మా కోడలు పెళ్లి చేసుకుంటే ఈ పింఛను ఎవరికిస్తారు?"

"కన్నతల్లి కదా, మీకే వస్తుందండీ."

"మొత్తమా?"

"పైసా తగ్గదు."

కోడలి మొహం మాడిపోయింది. "ఈ ఆరాలు ఇక్కడే తియ్యాలా అత్తయ్యా?"

"ఇంట్లో నీ పెళ్లి మాటెత్తితే 'మీ మందులెవరు కొంటారు' అని నా నోరు మూయిస్తావుగా. ఇప్పుడు ఆఫీసాయనే చెప్పాడు, విన్నావా?" అత్తగారు సంతకం గీకేసింది. "ఈ ఏడాదికి ఇదిగో. వచ్చే ఏడు నన్నడక్కు."

"ఎవరికి కట్టబెడతారేంటి నన్ను?"

"ఆదివారం ఆదివారం వచ్చి మన కుళాయి బాగుచేస్తాడే, ఆ ఫైరింజను డ్రైవరుకి."

"కుళాయి కారుతోంది కాబట్టి వస్తున్నాడు."

అత్తగారు సంచీ తెరిచి, గుప్పెడు రబ్బరు వాషర్లు కౌంటరు మీద పోసింది. "ప్రతి శనివారం సాయంత్రం కుళాయి విప్పి వీటిని ఊడదీసేది నేనే. నా కీళ్లనొప్పుల వేళ్లకి కూడా చిటికెలో ఊడొస్తోంది."

గుమస్తా నవ్వాపుకుంటూ, చేతిలోనే ఉన్న ముద్ర కోసం బల్లంతా వెతికాడు.

కోడలు తలవంచుకుని వాషర్లు ఒక్కొక్కటే ఏరి అత్తగారి సంచీలోనే వేసింది.

"ఊడొస్తుంది మరి," అంది మెల్లగా. "ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. మీ వేళ్లు నొప్పెడతాయని వదులుగానే బిగించి వెళ్తున్నాడు."