తెరుచుకోని తాళం

"అసలు ఈ తాళమే తీసేస్తే పోలా!" అన్నాడు కిరణ్, విసుగ్గా కీబోర్డు పక్కకి నెట్టి.

రాయ్‌పూర్ శివార్లలో స్టీలు మిల్లు అది. ఎర్రటి కడ్డీల్ని సాగదీసే రోలర్లని నడిపేది ఆ గదిలో కంప్యూటరే. మధ్యాహ్నం కిరణ్ రాసిన కొత్త ప్రోగ్రాంకి ట్రయల్. పొద్దుట్నుంచీ కెర్నెల్, అంటే ఆ కంప్యూటర్ గుండెకాయ, మెమరీలో ఒక చోట దాన్ని రాయనివ్వడం లేదు. అక్కడ తాళం ఉంది.

"తాళం తప్పు కాదు బాబూ. మీ ప్రోగ్రాంకి అక్కడేం పనో చూసుకోండి."

కిరణ్ వెనక్కి తిరిగాడు. రైలుకి ఇంకా టైముందని, ఒక్కసారి మిల్లు చూసి పోతానని వచ్చిన పెద్దాయన. గేటు చీటీలో గురునాథం అని ఉంది. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని దర్జాగా నిలబడ్డాడు.

"అంకుల్, కెర్నెల్ అంటే తెలుసా మీకు?"

"ఏదో, కాస్త."

ఆపరేటర్ ఉమేష్ కిసుక్కున నవ్వాడు.

"ఓనరు అడిగినా తెరుచుకోకపోతే అదేం తాళమండీ?" అన్నాడు కిరణ్.

"పొరపాటు చేసేది ఓనరే కదా బాబూ."

కిరణ్‌కి ఒళ్లు మండింది.

"బస్, చూసింది చాలు. ఇక బయల్దేరండి."

పెద్దాయన ఎడంచెయ్యి ఒక్కటే ఎత్తి నమస్కారం పెట్టాడు. అబ్బో, ఎంత పొగరు అనుకున్నాడు కిరణ్.

తాళం తియ్యమని నాలుగు రకాలుగా చెప్పి చూశాడు. కెర్నెల్ చస్తే వినలేదు.

"నా ప్రోగ్రాంలో తప్పుంటే పేరు మార్చుకుంటా, చలో!" అని తాళం ఉండగానే ట్రయల్ మొదలెట్టాడు. ఉమేష్ కిందికి, రోలర్ల దగ్గరికి వెళ్లాడు.

పది నిమిషాల్లో కేక!

ఉమేష్ మెళ్లో వేసుకున్న తువ్వాలు, గంఛా, రోలర్ల మధ్య చిక్కింది. మనిషిని లోపలికి లాగేస్తోంది. చెయ్యి చాచి ఎర్ర బటన్ మీద గుద్దాడు. రోలర్లు ఆగాయి, అతని మొహానికి జానెడు దూరంలో.

కిరణ్ తెర వైపు చూశాడు. సరిగ్గా ఆ ఎర్ర బటన్ని పనిచేయించే చోటే తన ప్రోగ్రాం చెరిపి రాయబోయింది. తాళం రాయనివ్వలేదు.

అది తీసి ఉంటే?

"నవ్యా, ఆ పెద్దాయన్ని వెనక్కి పిలు!" అని పక్క సీట్లో అమ్మాయి మీద అరిచాడు.

"ఎప్పుడో ఆటో ఎక్కేశారు సార్. ఈపాటికి రైలు కూడా కదిలిపోయుంటుంది."

ఈ తాళం రాసిన పుణ్యాత్ముడెవరో చూద్దామని ఫైలు తెరిచాడు. పైనే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"పాత తాళం తియ్యడానికి వీలుండేది, నేనే తీశాను, అందుకే ఈ కొత్తది ఎడంచేత్తో రాశాను. - గురునాథం."