జేబులో వణుకు

"ఇదిగో, మళ్ళీ వస్తోంది" అంటూ అతను గబుక్కున ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు.

"మీ ఫోన్ నా బల్ల మీద ఉంది కదండీ" అంది సైకాలజిస్టు.

నిజమే. అతను రాగానే ఆవిడ అడిగి తీసుకున్న ఫోన్ పేపర్ వెయిట్ పక్కన నోరు మూసుకుని పడి ఉంది. ఖాళీ జేబు మాత్రం తొడ మీద జుయ్యిమంటూనే ఉంది. పక్కనే కూర్చున్న అక్కకు నవ్వాగలేదు.

"వారం నుంచీ ఇదే వరస మేడమ్. ఇంటర్వ్యూ బాగా చేశాడు. ఫోన్ చేస్తామన్నారు. అప్పట్నుంచీ కంచం ముందు కూడా జేబు తడుముకోవడమే. మా ఆయన వీణ్ణి జేబుదొంగ అంటున్నారు."

"ఈ ఉద్యోగం కూడా పోతే నేనేమైపోవాలక్కా?" అన్నాడతను. అక్క నవ్వు ఆగిపోయింది.

సైకాలజిస్టుకు ఇలాంటి కేసులంటే మహా సరదా. "చూడండి, చర్మం చెప్పేది గోరంత, మెదడు కలిపేది కొండంత. గుడ్డ కాస్త రాసుకుంటే చాలు, మీరు దేనికోసం చూస్తున్నారో మెదడు అదే వచ్చిందంటుంది. దాని మాట వినడం మానెయ్యాలి."

ఆవిడ ఫోన్ చప్పుడు ఆపి, వణుకు మాత్రం ఉంచి, తిరిగి జేబులో పెట్టుకోమంది. "నేను చెప్పేదాకా తియ్యకూడదు. తీశారో, కథ మళ్ళీ మొదటికే."

ఆవిడ మెదడు గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. అతను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"వస్తోందా?"

"వస్తోందండీ."

"రానివ్వండి."

ఆగింది. మళ్ళీ వచ్చింది. అతని నుదుటి నిండా చెమట పట్టింది. "ఓర్చుకోరా, నా తండ్రివి కదూ" అంది అక్క. అతను పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఇంకోసారి వచ్చి, చివరికి అదే ఊరుకుంది.

"శభాష్. గెలిచారు. ఇక తీసుకోండి" అంది సైకాలజిస్టు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

అతను ఫోన్ తీసి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ ఆవిడ ముందుకు చాపాడు.

"మేడమ్, మిస్డ్ కాల్సన్నీ ఆ ఇంటర్వ్యూ కంపెనీ నుంచే. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు కాబట్టి వేరేవాళ్ళను తీసుకున్నామని మెసేజ్ కూడా పెట్టారు."

ఆవిడ ఫోన్ వైపైనా చూడకుండా, జాలిగా అక్క వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"కంగారుపడకండమ్మా. ఆ భ్రమ ఇప్పుడు కళ్ళకు కూడా పాకింది, అంతే."