సుల్తానుగారి శాలువా

ఉత్తరాది సింహం ఒక్కో అడవినీ మింగుకుంటూ దక్షిణానికి దిగింది. లొంగినవాళ్లకల్లా జరీ శాలువా కప్పేది. అది కప్పుకుంటే సింహానికి బంటు అయినట్టే. రాళ్లగుట్ట సుల్తాను చిరుతపులి కూడా నిరుడు కప్పించుకుంది.

ఈ ఏడు గుట్టకింది వాగు కూడా తనదేనని సింహం అనేసరికి చిరుతకు రోషం పొడుచుకొచ్చింది. "తిరుగుబాటే!" అంది. ఆ మాట అనడం వరకే సుల్తాను వంతు. కాళ్లరిగేలా తిరగడం వజీరు ముళ్లపంది వంతు. ఎలుగుల అలకలు తీర్చి, అడవిపందుల గడ్డాలు పట్టుకుని, రేచుకుక్కల్ని ఒప్పించి, ఎలాగో అందర్నీ గుట్ట దగ్గర పోగేసింది.

తీరా చూస్తే, సుల్తాను ఆ శాలువాతోనే బండ మీదికి ఎక్కింది!

"ముందు అది తీసెయ్యండి ప్రభూ!" ముళ్లపంది పళ్లు నూరింది.

"చలిగా ఉందయ్యా. పైగా అసలు జరీ. మంచి బట్ట ఏం పాపం చేసింది?"

ఇలాంటి సుల్తానుకు వజీరుగిరీ చేసేకంటే దుంపలు తవ్వుకుంటే నయం అనిపించింది ముళ్లపందికి.

కింద పెద్ద ఎలుగు ముక్కు ఎగబీల్చింది. "ఒంటి మీద వాళ్ల బట్ట, నోట్లో మన మాటా?" అని వెనుదిరిగింది. దాని వెనకే పందులూ, కుక్కలూ వెళ్లిపోయాయి.

కబురు విన్న సింహం సైన్యాన్ని పంపలేదు. ఇంకో శాలువా పంపింది.

చిరుత దాన్ని అటూ ఇటూ తిప్పి మురిసిపోయింది. "ఇది మరీ మెత్తగా ఉంది వజీరూ! రెండూ ఎలా కప్పుకోమంటావు?"

ముళ్లపంది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఒకటి ఒంటికి కప్పుకోండి ప్రభూ. రెండోది మొహానికి."