ఓంకారం సబ్బు

చిట్టెమ్మ ఇంటి దేవుడి గూట్లో పదకొండు సబ్బులు పసుపు కుంకుమలు పెట్టించుకుని కూర్చున్నాయి. భిక్షకొచ్చిన విరజానందస్వామి నోరు తెరిచాడు. తాల్‌బగీచా ఆశ్రమంలో తాను స్వయంగా కాచి పంచిన సబ్బులవి!

"ఇవి పూజకు కాదమ్మా, ఒంటికి!"

"ఓంకారమున్న సబ్బు సంకల్లో ఎలా రుద్దుకుంటాం సామీ?"

పెరట్లో ఆమె మొగుడు నూకరాజు రైల్వే వర్క్‌షాపు గ్రీజుని కిరసనాయిలు గుడ్డతో వదిలించుకుంటున్నాడు.

"సేతులు మండిపోతన్నాయి సామీ. అయినా పాపం సుట్టుకోదు కదా!"

"వెర్రి భక్తి! ముందు నేను రుద్దుకుంటాను, చూసి నేర్చుకోండి" అంటూ స్వామి ఒక సబ్బు తీసుకుని పెరట్లోకి నడిచాడు. చిట్టెమ్మ చెంబు ఎత్తింది.

స్వామి బొటనవేలు ఓంకారం మీద ఆగిపోయింది. ఆ అచ్చుని ఆయనే మూడు నెలలు కూర్చుని చెక్కాడు. ఒక్కసారి రుద్దితే ఆ వంపు అరిగిపోతుంది. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చేసిన రోజున కూడా ఆయన ఇలా వెనకాడలేదు.

"ఆగు తల్లీ, నీళ్లు పొయ్యకు!"

సబ్బుని కళ్లకద్దుకుని, పైపంచెతో తుడిచి, మళ్లీ గూట్లో పెట్టేశాడు.

"కాస్త సున్నిపిండి ఉందా? ఆశ్రమంలో కూడా నేను దాంతోనే..."