అప్పలరాజు తాళం

“తీసెయ్. తాళం తీసెయ్.”

మాట స్పష్టంగా ఉంది. నా చెయ్యి స్విచ్చు మీదున్న తాళం దగ్గరే ఉంది.

మా ప్లాంటులో కన్వేయర్ బెల్టు కింద పనికి దూరే ప్రతివాడూ ముందు తన పేరున్న తాళం స్విచ్చుకి వేసుకోవాలి. ఆఖరి తాళం తీసేదాకా బెల్టు కదలదు. నా పని ముగించి బయటికొచ్చేసరికి, ‘అప్పలరాజు’ అని రాసిన నా తాళం ఒక్కటే వేలాడుతోంది. గౌరీశంకర్ ఇంకా బెల్టు కిందే ఉన్నాడు. వాడి తాళం వాడి నడుముకే ఉంది. వేసుకోవడం మర్చిపోయాడు.

లేని గొంతులు వినిపించే నా స్కిజోఅఫెక్టివ్ జబ్బు మాత్రల డబ్బాని నలభై మంది ముందు గలగలలాడించి, “ఇయాల నీ చెవిలో ఎవుడు మాటాడేడ్రా పాగల్?” అని నవ్వినవాడు. రెండేళ్లుగా అందరిచేతా నన్ను ఆ పేరుతోనే పిలిపించినవాడు.

“తీసెయ్. మర్సిపోయింది ఆడు. నిన్నెవుడూ ఏటీ అనడు.”

తాళంచెవి పిడికిట్లో బిగించి అక్కడే నిలబడ్డాను. పావుగంటకి వాడు బయటికొచ్చి, స్విచ్చు చూసి, నడుము తడుముకుని, తెల్లబోయాడు.

“ఏట్రా చూత్తన్నావు? పావుగంట నీ పేనానికి పాగల్‌గాడి తాళమే దిక్కయింది. రేపు మీటింగులో ఈ మాట నలభై మందికీ నీ నోటితోనే చెప్పాల,” అన్నాను.

సాయంత్రం పర్సుడీహ్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎప్పటి ప్రశ్నే అడిగింది. “ఈ నాలుగో మందు మొదలుపెట్టి ఆరు నెలలైంది. గొంతులేవైనా వినిపిస్తున్నాయా?”

“లేదండి. ఒక్కటీ లేదు.”

నిజమే చెప్పాను. పొద్దున బెల్టు దగ్గర ‘తీసెయ్’ అన్నది నేనే.