శాకాహారులకు స్వాగతం

మా ఊరి రేవు దగ్గర "శాకాహారులకు స్వాగతం" అని బోర్డు పెట్టి సరిగ్గా నెల. పక్కన ఎర్రటి క్యారెట్ బొమ్మ కూడా వేయించారు. శాకాహారం అంటే ఏమిటో తెలిసినవాడు మాత్రం ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఆ బోర్డు నమ్మి తైవాన్ నుంచి పెంగ్ గారు దిగింది. అరవై దాటిన రిటైర్డు టీచరు. చేప, మాంసం, గుడ్డు సరే, ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టదు. ఎవరో శాకాహార యాత్రికుల సంఘం వాళ్ళు పంపారు. ఆవిడ ఫారం మీద సంతకం పెడితే ఆకులు రాలే కాలానికి మూడు బస్సుల జనం మా ఊరొస్తారు. పెట్టకపోతే బోర్డూ పోతుంది, ఆ బోర్డు పెట్టించిన పంచాయతీ గుమాస్తా హమాగుచి ఉద్యోగమూ పోతుంది.

రెండు రోజులు హమాగుచి ఆవిడని ఊరంతా తిప్పాడు. నూడుల్స్ కొట్టువాడు గిన్నెలోంచి చేప ముక్క తీసి అవతల పడేసి, "ఇదిగోండి శాకాహారం" అన్నాడు.

"ఈ చారు దేంతో కాచారు?" అంది పెంగ్ గారు.

"చేపతోనే. అయితే ఏం? చేప లేదుగా, రసమేగా!"

ఇంకో చోట పాలకూర అడిగితే దాని నిండా ఎండుచేప తురుము చల్లి తెచ్చారు. "అది అలంకారమండీ, లెక్కలోకి రాదు" అన్నాడు యజమాని. మావాళ్ళకి అది నిజంగానే లెక్కలోకి రాదు. వాళ్ళననుకుని ఏం లాభం!

మూడో రోజుకి పెంగ్ గారు తెల్లన్నమూ అరటిపళ్ళూ తిని నీరసించిపోయింది. ఆ మధ్యాహ్నం తోమియే సత్రం ముందు నుంచి పోతూ ఠక్కున ఆగి, ముక్కు పైకెత్తింది.

"సముద్రపు నాచూ పుట్టగొడుగులూ వేసి కాచిన చారు. చేప వాసన లేదు!" అంది ఆవిడ.

"ఇక్కడ కాదండీ, ఈ నాలుగు రోజులూ ఇక్కడ ఎవరినీ..." అంటూనే ఉన్నాడు హమాగుచి. ఆవిడ అప్పటికే చెప్పులు విప్పేసింది.

వంటింట్లో తోమియే జున్నులాంటి నువ్వుల టోఫు కోస్తోంది. డెబ్బయ్యేళ్ళ మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

"పిన్నీ, ఈవిడకి ఒక్క పూట అన్నం పెట్టు. నా కొంప నిలబెట్టు" అన్నాడు హమాగుచి.

"కుదరదు. ఏడాదంతా ఎదురుచూస్తే నాలుగంటే నాలుగు రోజులొస్తాడు మీ బాబాయి. రేపు సాయంత్రం వెళ్ళిపోతాడు. ఇవాళ కూడా నన్ను ఇంకెవరికో వండమంటావా?"

"బాబాయి ఏం తింటున్నాడు పిన్నీ! పెట్టిన పళ్ళెం పెట్టినట్టే బయటికొస్తోందిగా."

"రాదూ మరి? చేప లేందే ముద్ద దిగని మనిషి. ఈ నాలుగు రోజులూ చేప తగలకూడదని గుళ్ళో గురువుగారు చెబితే గుమ్మడికాయ పెడుతున్నాను. మూతి తిప్పుకుంటే తప్పు నాదా?"

హమాగుచి సరాసరి వెళ్ళి, సముద్రం వైపు గది ముందు మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకానించాడు. "బాబాయ్, నా ఉద్యోగం నీ చేతిలో ఉంది. నువ్వు సరేనంటే పిన్ని కాదనదు."

లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నలభై ఏళ్ళ కాపురంలోనూ అంతే" అంది తోమియే. "అవుననడు, కాదనడు."

ఈలోపు పెంగ్ గారు కళ్ళు తిరిగి గుమ్మంలో చతికిలబడింది. తోమియే చేతిలో కత్తి పక్కన పడేసింది. "అయ్యో తల్లీ! ఒరేయ్, బోర్డు పెట్టి పిలిచి మరీ కడుపు మాడ్చి చంపుతార్రా?" అంటూ కుండలో మిగిలిన చారూ అన్నమూ తెచ్చి పెట్టింది. పెంగ్ గారు గిన్నె ఎత్తి తాగింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత ఫారం తీసి, కళ్ళజోడు సవరించుకుంది.

"భోజనం అంటే ఒక్క కూరైనా ఉండాలి. నియమం."

ఇంట్లో కూరలన్నీ, కోసిన టోఫుతో సహా, గదిలోకి వెళ్ళిన పళ్ళేనికే అయిపోయాయి; ఆ పళ్ళెంలోది ఇంకొకరికి పెట్టకూడదు. పండగ సెలవులకి కూరల కొట్లు మూసేశారు. గది గుమ్మం పక్కన బల్ల మీద మాత్రం కాళ్ళలా నాలుగు పుల్లలు గుచ్చిన లావుపాటి వంకాయ ఒకటి నిగనిగలాడుతోంది. పెంగ్ గారు దానికేసి చెయ్యి చాపింది.

"ముట్టుకోకండి! అది బాబాయి ప్రయాణానికి పెట్టింది!" హమాగుచి కెవ్వుమన్నాడు.

"అలాగా, దారిలో తింటారు కాబోలు" అని ఆవిడ మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫారం మడవబోయింది.

తోమియే వంకాయకేసి చూసింది. గది తలుపుకేసి చూసింది. ఆ తర్వాత వంకాయ చేతిలోకి తీసుకుని, నాలుగు పుల్లలూ పీకేసి, నిలువునా చీల్చి, పులియబెట్టిన సోయా మిసో ముద్ద పట్టించి పెనం మీద వేసింది.

హమాగుచి ఫారం సంగతే మర్చిపోయాడు. "పిన్నీ! రేపు బాబాయి బయల్దేరొద్దూ?"

"నీ ఉద్యోగం నిలబడుతోందిగా. నోర్మూసుకో."

పెంగ్ గారు కళ్ళు మూసుకుని తింది. పదికి పది వేసి సంతకం పెట్టింది. రాత్రికి పై గదిలో పడుకుంటానని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"పక్క ఊరెళ్ళి పొద్దున్నే ఇంకో వంకాయ తెస్తాలే పిన్నీ" అన్నాడు హమాగుచి, చెమట తుడుచుకుంటూ.

"తేవద్దు" అంది తోమియే. నవ్వుతోంది, కళ్ళొత్తుకుంటోంది. "తెచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను."

పదకొండేళ్ళ కిందట పడవతో సహా మునిగిపోయి, ఏటా ఈ పండగకి నాలుగు రోజులు ఇంటికొచ్చే ఆమె మొగుడు తిరిగి పైలోకానికి వెళ్ళాలంటే, మా ఊరి ఆనవాయితీ ప్రకారం, ఎక్కి వెళ్ళాల్సిన వాహనం ఆ వంకాయే.