వదిన వరస

“ఇది ఆశ్రమం కాదు మామ్మగారూ, ఇల్లు. ఇకనుంచి మేమంతా మీ కుటుంబమే!” నిర్వాహకురాలి నోట్లోంచి తేనె కారుతోంది.

పొద్దున్నే బస్టాండు నుంచి తీసుకొచ్చిన ముసలమ్మ టీ గ్లాసు కింద పెట్టి, మూట చంకన పెట్టుకుంది.

“కుటుంబమా! మావాడూ ఇంత తియ్యగానే మాట్లాడి, బెంచీ మీద కూర్చోబెట్టి పోయాడు. ఆ బెంచీయే నయం తల్లీ, అబద్ధమాడదు.”

తేనె ఠక్కున ఆగింది.

చిక్కుళ్ళు ఒలుస్తున్న ఇంకో ముసలావిడ తలైనా ఎత్తలేదు. “పోతే పో వదినా! తాగిన గ్లాసు మాత్రం కడిగి పో. ఇక్కడ నీకు చాకిరీ చేసేవాళ్ళెవరూ లేరు.”

ముసలమ్మ గుమ్మంలో ఆగిపోయింది. తనను వరస కలిపి సాధించే గొంతు విని ఎన్నాళ్ళయిందో!

“వచ్చి గంటైనా కాలేదు, అప్పుడే ఆడపడుచు పెత్తనమా?” అంటూ మూట మూలన పడేసి గ్లాసు అందుకుంది. “కొళాయి ఎక్కడ ఏడ్చింది వదినా?”